ఒక్క తలూపుతో చరిత్రకెక్కిన లైన్స్‌మన్: తోఫిక్ బహ్రామోవ్ కథ

స్టేడియాలకు నాయకుల పేర్లు పెట్టడం మనకు అలవాటు. హైదరాబాద్‌లో ఫతే మైదాన్ లాల్ బహదూర్ స్టేడియం అయింది. గచ్చిబౌలి స్టేడియానికి లోక్‌సభ స్పీకర్‌గా పనిచేసిన జీఎంసీ బాలయోగి పేరు పెట్టారు. విజయవాడలోది ఇందిరాగాంధీ పేరు మీద ఉంది. ఆటగాళ్ల పేర్లు పెట్టడం తక్కువ. ఇక రిఫరీ పేరు పెట్టాలని ఎవరికైనా తోస్తుందా? మైదానంలో రెండు వైపుల వాళ్ల చేతా తిట్లు తినే మనిషి ఆయనే కదా.

అజర్‌బైజాన్ రాజధాని బాకూలో ఆ పని చేశారు. కాస్పియన్ సముద్రం ఒడ్డున ఉన్న ఆ నగరంలో 1951లో ఒక పెద్ద స్టేడియం తెరిచారు. రెండో ప్రపంచ యుద్ధంలో పట్టుబడిన జర్మన్ ఖైదీల చేత కట్టించిన స్టేడియం అది. మొదట దానికి స్టాలిన్ పేరు పెట్టారు. స్టాలిన్ పోయి, ఆయన పేరు పలకడమే ఇబ్బందిగా మారిన రోజుల్లో, 1956లో, లెనిన్ పేరుకు మార్చారు. సోవియట్ యూనియన్ కూలిపోయాక 1993లో మూడోసారి పేరు మారింది. స్టాలిన్, లెనిన్‌ల తర్వాత ఆ గోడ మీదికెక్కిన పేరు తోఫిక్ బహ్రామోవ్‌ది. పైగా ప్రపంచానికి ఆయన గుర్తుండిపోయింది ఈల పట్టుకున్న రిఫరీగా కాదు, గీత పక్కన జెండా పట్టుకుని పరుగెత్తిన లైన్స్‌మన్‌గా.

ఇంగ్లండ్‌లో ఆయనకు ఇప్పటికీ మొక్కేవాళ్లున్నారు. జర్మనీలో తాతలు తిట్టారు, తండ్రులు తిట్టారు, మనవలు కూడా నేర్చుకున్నారు. ఈ రెండు దేశాల్లోనూ చాలామందికి ఆయన పేరు తెలియదు. రష్యన్ లైన్స్‌మన్ అంటే మాత్రం ఠక్కున గుర్తుపడతారు. ఆయన రష్యన్ కాదు.

బహ్రామోవ్ 1925లో బాకూలో పుట్టారు. ఆ ఊరు చమురు మీద పుట్టి చమురు మీద పెరిగింది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ప్రపంచంలో తీసే చమురులో దాదాపు సగం అక్కడి బావుల్లోంచే వచ్చేది. ఊళ్లోని ప్రధాన ఫుట్‌బాల్ క్లబ్ పేరు నెఫ్త్‌చీ. చమురు కార్మికుడని అర్థం. కుర్రాడిగా ఉన్నప్పుడు బహ్రామోవ్ కూడా ఆటగాడే. కాలికి పెద్ద దెబ్బ తగలడంతో ఆ బతుకు మధ్యలోనే ఆగిపోయింది. ఆట మీద మమకారం చావలేదు, ఆడటానికి కాలు సహకరించలేదు. ఈల అందుకున్నారు. చాలామంది రిఫరీలు ఇలాగే తయారవుతారు. ఆటలోంచి గెంటేస్తే పక్క తలుపులోంచి మళ్లీ లోపలికి వచ్చినవాళ్లు వాళ్లు.

సోవియట్ లీగ్‌లో రిఫరీగా నెగ్గుకురావడం తేలిక కాదు. కీవ్, తిబిలిసి, యెరెవాన్, తాష్కెంట్, మాస్కో జట్లన్నీ ఒకే లీగ్‌లో ఆడేవి. కాగితం మీద అందరిదీ ఒకే దేశం. గ్యాలరీలో మాత్రం ఎవరి జాతి వాళ్లదే. అలాంటి చోట ఈల వేస్తూ బహ్రామోవ్ పైకి వచ్చారు. 1966 వరల్డ్ కప్‌కు ఫిఫా ఎంపిక చేసిన అధికారుల్లో ఆయనకు చోటు దొరికింది. బాకూకు ఆ ఏడాది బాగా కలిసొచ్చింది. నెఫ్త్‌చీ క్లబ్ సోవియట్ లీగ్‌లో మూడో స్థానం సాధించింది. ఆ క్లబ్ కుర్రాడు అనతోలీ బనిషెవ్‌స్కీ వరల్డ్ కప్‌లో సోవియట్ జట్టుకు ఆడి, ఉత్తర కొరియా మీద గోల్ కొట్టాడు. కానీ ఆ వేసవిలో ఇంగ్లండ్ వెళ్లిన బాకూ మనుషుల్లో లోకానికి గుర్తుండిపోయింది గోల్ కొట్టినవాడు కాదు.

అనుమానాలతో నిండిన టోర్నీ

1966 వరల్డ్ కప్ ఫైనల్‌కు చేరే సరికే రిఫరీల మీద నమ్మకం అడుగంటింది. జులై 23న జరిగిన క్వార్టర్ ఫైనల్స్‌లో రెండు మ్యాచ్‌లు దీనికి కారణం. వెంబ్లీలో ఇంగ్లండ్, అర్జెంటీనా ఆడుతుంటే జర్మన్ రిఫరీ రుడాల్ఫ్ క్రైట్‌లైన్ అర్జెంటీనా కెప్టెన్ అంతోనియో రాత్తీన్‌ను మైదానం నుంచి పంపేశారు. రాత్తీన్ వెళ్లనన్నాడు. అతనికి జర్మన్ రాదు, రిఫరీకి స్పానిష్ రాదు. దుబాసీని పిలిపించమని అతను పట్టుబట్టాడు. ఆట నిమిషాల పాటు ఆగిపోయింది. అదే రోజు షెఫీల్డ్‌లో పశ్చిమ జర్మనీ, ఉరుగ్వే మ్యాచ్‌కు ఇంగ్లిష్ రిఫరీ జిమ్ ఫిన్నీ. ఆయన ఇద్దరు ఉరుగ్వే ఆటగాళ్లను బయటికి పంపారు. ఇంగ్లండ్ మ్యాచ్‌కు జర్మన్, జర్మనీ మ్యాచ్‌కు ఇంగ్లిష్ రిఫరీ. దక్షిణ అమెరికాలో దీన్ని కుమ్మక్కని పిలవడానికి ఇంకేం కావాలి?

పసుపు, ఎరుపు కార్డులు పుట్టింది ఈ గొడవలోంచే. అప్పట్లో ఫిఫా రిఫరీల బాధ్యత చూస్తున్న కెన్ ఆస్టన్‌కు ట్రాఫిక్ లైట్లు చూశాక ఆ ఆలోచన వచ్చింది. ఏ భాషవాడికైనా అర్థమయ్యే సైగ కావాలి. 1970 వరల్డ్ కప్‌లో కార్డులు వచ్చాయి. నాలుగేళ్ల ముందు, అంటే మన కథ జరిగిన రోజున, అధికారుల చేతిలో ఉన్నవి ఈల, జెండా, వేళ్లు, తల. అంతే.

సెమీఫైనల్‌లో పశ్చిమ జర్మనీ 2-1తో సోవియట్ యూనియన్‌ను ఓడించింది. ఆ మ్యాచ్‌లో సోవియట్ ఆటగాడు చిస్లెంకోను బయటికి పంపారు. సరిగ్గా ఐదు రోజుల తర్వాత, జులై 30న, అదే పశ్చిమ జర్మనీ ఆడే ఫైనల్‌కు సోవియట్ యూనియన్ నుంచి ఒక లైన్స్‌మన్‌ను వేశారు. ఎవరికీ దురుద్దేశం లేకపోవచ్చు. కానీ ఇలాంటి నియామకం తర్వాత వచ్చే అనుమానాలకు ముందే విత్తనం వేసినట్టే. ఇప్పటి ఫిఫా అయితే రెండుసార్లు ఆలోచించేది.

ఫైనల్ రిఫరీ స్విట్జర్లాండ్‌కు చెందిన గాట్‌ఫ్రీడ్ డీన్స్ట్. అప్పటికే రెండు యూరోపియన్ కప్ ఫైనల్స్ నడిపిన పెద్ద రిఫరీ. ఒక లైన్స్‌మన్ చెకొస్లొవేకియాకు చెందిన కారల్ గల్బా. రెండోవాడు బహ్రామోవ్. అదే టోర్నీలో స్పెయిన్, స్విట్జర్లాండ్ మ్యాచ్‌కు ఆయన రిఫరీగా పనిచేశారు. ఆ మ్యాచ్ సంగతి ఇవాళ ఎవరూ మాట్లాడుకోరు. రిఫరీకి అంతకంటే పెద్ద ప్రశంస ఉండదు.

101వ నిమిషం

వెంబ్లీలో ఆ రోజు తొంభై ఆరు వేల మందికి పైగా ఉన్నారు. జర్మనీ ముందు గోల్ కొట్టింది. జెఫ్ హర్స్ట్ సమం చేశాడు. 78వ నిమిషంలో మార్టిన్ పీటర్స్ ఇంగ్లండ్‌ను ముందుకు తీసుకెళ్లాడు. ఇక కప్పు వచ్చేసినట్టేనని స్టేడియం అనుకుంటుండగా, 89వ నిమిషంలో వోల్ఫ్‌గాంగ్ వెబర్ 2-2 చేశాడు. ఆ గోల్‌కు ముందు బంతి ఒక జర్మన్ ఆటగాడి చేతికి తగిలిందని ఇంగ్లండ్ వాళ్లు మొత్తుకున్నారు. డీన్స్ట్ వినలేదు. ఈ ముక్క ఇంగ్లండ్‌లో కూడా జనం మర్చిపోయారు. గెలిచినవాళ్లకు తమకు జరిగిన అన్యాయం ఎక్కువ రోజులు గుర్తుండదు.

ఆట అదనపు సమయంలోకి వెళ్లింది. 101వ నిమిషంలో కుడి వైపు నుంచి అలన్ బాల్ బంతిని లోపలికి పంపాడు. హర్స్ట్ దాన్ని అదుపు చేసి, గిర్రున తిరిగి, పడిపోతూనే తన్నాడు. బంతి పైకమ్మీ అడుగుభాగానికి తగిలి, నిట్టనిలువుగా కిందపడి, నేలకు తాకి, బయటికి ఎగిరింది. వెబర్ తలతో దాన్ని గోల్ మీదుగా అవతలికి పంపేశాడు. పక్కనే ఉన్న ఇంగ్లండ్ ఆటగాడు రోజర్ హంట్ బంతి వెంట పడలేదు. చేతులెత్తి గోల్ అని తిరిగిపోయాడు. అంత దగ్గర్లో ఉన్నవాడు అనుమానముంటే బంతిని తన్నేవాడు కదా అని ఇంగ్లండ్ వాదన. నమ్మకం వేరు, బంతి గీత దాటడం వేరు అని జర్మనీ వాదన.

డీన్స్ట్‌కు తెలియలేదు. రెండు జట్ల వాళ్లూ చుట్టుముట్టారు. ఆయన వాళ్లను విదిలించుకుని కుడి వైపు గీత దగ్గరికి నడిచారు. అక్కడ నెరిసిన జుట్టు, మీసాలతో జెండా పట్టుకుని బహ్రామోవ్ నిలబడి ఉన్నారు. ఆయనకు అజర్‌బైజానీ, రష్యన్, టర్కిష్ వచ్చు. డీన్స్ట్ మాతృభాష జర్మన్. ఇద్దరూ మాట్లాడుకునే భాష ఒక్కటీ లేదు. వరల్డ్ కప్ ఫైనల్ భవిష్యత్తు కొన్ని సైగల మీద నిలబడింది. బహ్రామోవ్ తలూపారు. డీన్స్ట్ ఈల వేసి మధ్య గీత వైపు చేయి చూపించారు. 3-2.

చివరి నిమిషంలో హర్స్ట్ ఇంకో గోల్ కొట్టాడు. ఆట అయిపోయిందనుకున్న ప్రేక్షకులు కొందరు అప్పటికే మైదానంలోకి వచ్చేశారు. కాబట్టి ఆ గోల్ మీద కూడా జర్మన్లకు అభ్యంతరం చెప్పే వీలుంది. 4-2 స్కోర్లో కనీసం మూడు గోల్స్ మీద ఎవరో ఒకరికి పేచీ ఉన్న ఫైనల్ అది. హర్స్ట్ హ్యాట్రిక్ మాత్రం రికార్డుల్లో నిలిచిపోయింది. 2022లో ఎంబాపె వచ్చేదాకా పురుషుల వరల్డ్ కప్ ఫైనల్‌లో ఇంకెవరూ మూడు గోల్స్ కొట్టలేదు. అందులో ఒకటి బహ్రామోవ్ తలూపితే వచ్చిందే.

బంతి గీత దాటిందా?

ఫుట్‌బాల్ నియమం చాలా కఠినం. బంతి గీత మీద పడితే చాలదు, సగం దాటినా చాలదు. మొత్తం బంతి మొత్తం గీతను దాటాలి. బంతి అడ్డంగా సుమారు 22 సెంటీమీటర్లు ఉంటుంది. గీత వెడల్పు 12 సెంటీమీటర్లకు మించకూడదు. అంటే దాటిందా లేదా అన్నది తేల్చడానికి ఉండే తేడా కొన్నిసార్లు మన బొటనవేలంత. దాన్ని పట్టుకోవాలంటే కన్ను గీతకు సరిగ్గా ఎదురుగా ఉండాలి. అటో ఇటో ఉంటే, రోడ్డు పక్కన నిలబడి దూరంగా వచ్చే బస్సు ఏ వరుసలో వస్తోందో చెప్పబోయినట్టు, లెక్క తప్పుతుంది. బహ్రామోవ్ గోల్ గీతకు నేరుగా లేరు. ఆఫ్‌సైడ్ చూడాల్సిన లైన్స్‌మన్ ఆటగాళ్లతో పాటు కదులుతుంటాడు. ఆ షాట్ పడిన క్షణంలో ఆయన ఉండాల్సిన చోటు కూడా గోల్ గీత కాదు.

1990ల్లో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీలో ఇద్దరు ఇంజినీరింగ్ పరిశోధకులు, ఇయాన్ రీడ్, ఆండ్రూ జిస్సర్‌మన్, పాత ఫిల్మ్ తీసుకుని వేర్వేరు కెమెరాల కోణాలతో బంతి చోటును లెక్కగట్టారు. గోల్ కావాలంటే బంతి ఇంకో ఆరు సెంటీమీటర్లయినా లోపలికి పోయి ఉండాల్సిందని తేల్చారు. ఆ తర్వాత కూడా కొందరు కంప్యూటర్ బొమ్మలు వేసి అది గోలే అని చూపించబోయారు. నాకు మాత్రం ఆక్స్‌ఫర్డ్ లెక్క నమ్మదగ్గదిగా అనిపిస్తుంది. అది గోల్ కాదు.

బహ్రామోవ్ తర్వాత రాసుకున్న జ్ఞాపకాల్లో చెప్పింది ఇంకా ఆసక్తిగా ఉంటుంది. బంతి తగిలింది పైకమ్మీకి కాదని, వెనకున్న వలకు తగిలి తిరిగొచ్చిందని ఆయన అనుకున్నారు. వలకు తగిలిన బంతి కింద ఎక్కడ పడితే ఏం? అంటే ప్రపంచమంతా యాభై ఏళ్లు బంతి నేలకు తాకిన చోటు గురించి కొట్టుకుంటుంటే, తీర్పు చెప్పిన మనిషి అసలు ఆ చోటు వైపే చూడలేదు.

గోల్‌కు వల ఎందుకొచ్చిందో తెలిస్తే ఈ సంగతి ఇంకాస్త వింతగా ఉంటుంది. 1890 ప్రాంతంలో లివర్‌పూల్ ఇంజినీర్ జాన్ అలెగ్జాండర్ బ్రోడీ వలను కనిపెట్టాడు. బంతి గోల్‌లోంచి పోయిందా పక్కనుంచి పోయిందా అన్న పేచీలు తీర్చడానికే. రిఫరీ కళ్లకు సాయంగా వచ్చిన వల, 1966లో ఒక లైన్స్‌మన్ కళ్లనే మోసం చేసింది.

వల లేకపోతే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. బస్తర్‌లోని నగర్‌నార్‌లో ఎన్ఎండీసీ ఉక్కు కర్మాగారం వచ్చాక హల్బీ, భత్రీ, ఒడియా, హిందీ, తెలుగు ఒకే టీ కొట్టు దగ్గర వినిపిస్తాయి. అక్కడ నేను చూసిన ఆటల్లో గోల్ అంటే రెండు వెదురు గడలు. బంతి గడ పక్కనుంచి దూసుకుపోతే ఐదు భాషల్లో అరుపులు మొదలవుతాయి. ఈల పట్టుకున్న మనిషి వాళ్ల మధ్య నిలబడి, ఎవరి మాటా అర్థం కానట్టు మొహం పెట్టి, చేత్తో మాత్రం ఏదో ఒక వైపు చూపిస్తాడు. తెలియదని చెప్పే సైగ రిఫరీకి లేదు. ఉన్నా ఎవరూ ఒప్పుకోరు.

నిజానికి నియమం ప్రకారం ఒక దారి ఉంది. కచ్చితంగా చూడకపోతే గోల్ ఇవ్వకూడదు. డీన్స్ట్ చూడలేదు. కాబట్టి ఆయన ఆట కొనసాగించి ఉండొచ్చు. లైన్స్‌మన్ చెప్పేది సలహా మాత్రమే, తీర్పు రిఫరీదే. అయినా చరిత్రలో నింద మొత్తం బహ్రామోవ్ మీద పడింది. డీన్స్ట్ రెండేళ్ల తర్వాత, 1968 యూరో ఫైనల్‌లో ఇటలీ, యుగోస్లావియా మధ్య మొదటి మ్యాచ్‌కు రిఫరీగా ఉండి, ఇటలీ పక్షం వహించారని యుగోస్లావియా వాళ్ల చేత తిట్లు తిన్నారు. అయినా వెంబ్లీ పేరెత్తితే స్విస్ రిఫరీ ఎవరికీ గుర్తురారు. పక్కన నిలబడి అడిగినదానికి తలూపిన మనిషే గుర్తొస్తారు. ఆఫీసుల్లో ఫైలు మీద సంతకం పెట్టిన పెద్దాయన తప్పుకుని, నోట్ రాసిన గుమాస్తా దొరికిపోవడం మనకు తెలియనిదేం కాదు.

రష్యన్ అన్న పేరు

ఆయన్ను రష్యన్ అని ఎందుకన్నారు? సోమరితనం ఒక కారణం. పశ్చిమ దేశాల పత్రికలకు సోవియట్ యూనియన్ అంటే రష్యా. మనమూ తక్కువ తినలేదు. విశాలాంధ్ర పుస్తకాల షాపుల్లో చవగ్గా దొరికిన సోవియట్ పుస్తకాలన్నిటినీ రష్యన్ పుస్తకాలనే పిలిచాం. వాటిని రాసినవాళ్లలో కిర్గిజ్ రచయిత చింగీజ్ ఐత్మాతవ్ లాంటి వాళ్లున్నా ఆ తేడా పట్టించుకోలేదు. బహ్రామోవ్ పేరు చివర ఉన్న ఓవ్ కూడా గందరగోళం పెంచింది. బహ్రామ్ పారశీక పేరు. దానికి రష్యన్ పాలన తగిలించిన తోక అది. తోక తీసేస్తే ఆ మనిషి ఏ ప్రాంతం వాడో తెలిసిపోతుంది.

రష్యన్ అనడంలో సోమరితనం ఒక్కటే లేదు, కథ కూడా ఉంది. రష్యన్ అయితే జర్మన్ల మీద పగ ఉండాలి. పగ ఉంటే కళ్లతో కాక కసితో చూసి ఉండాలి. ఇలా తర్కం నడిచింది. 1942లో హిట్లర్ సైన్యాలు దక్షిణానికి దిగింది బాకూ చమురు కోసమే. ఆ ఊరి మనిషి చేతిలో 24 ఏళ్ల తర్వాత జర్మనీ భవిష్యత్తు పడిందంటే కథకులకు పండగే. మరణశయ్య మీద ఉన్న బహ్రామోవ్‌ను ఆ గోల్ ఎందుకిచ్చారని అడిగితే స్టాలిన్‌గ్రాడ్ అని ఒక్క మాట చెప్పి కన్నుమూశారని ఒక కథ ప్రచారంలో ఉంది. వినడానికి బాగుంటుంది. ఆధారం లేదు. స్టాలిన్‌గ్రాడ్ యుద్ధం 1943 ఫిబ్రవరిలో ముగిసేనాటికి ఆయన పద్దెనిమిదేళ్ల కుర్రాడు. పైగా ఈ కథ ఆయన రాసుకున్న వివరణకు పూర్తిగా విరుద్ధం. వలకు తగిలిందని పొరపడ్డవాడికి పగ తీర్చుకోవాల్సిన అవసరం ఏముంది?

పొరపాటు కంటే కుట్ర నమ్మడం మనిషికి తేలిక. పొరపాటుకు మొహం ఉండదు, కుట్రకు ఉంటుంది. బహ్రామోవ్ మొహం అందుకు దొరికింది.

ఒక సంగతి మాత్రం ఆ కుట్ర కథల్లో ఎక్కడా ఇమడదు. ఆ తీర్పు తర్వాత ఆయన్ను ఎవరూ మూలన కూర్చోబెట్టలేదు. 1970 మెక్సికో వరల్డ్ కప్‌లో ఆయన మళ్లీ రిఫరీగా వచ్చారు. 1972లో మొట్టమొదటి యూఈఎఫ్ఏ కప్ ఫైనల్‌కు రెండు ఇంగ్లిష్ క్లబ్‌లు, వోల్వ్స్, టోటెన్‌హామ్, చేరాయి. మే 3న వోల్వర్‌హాంప్టన్‌లో జరిగిన మొదటి మ్యాచ్‌కు రిఫరీ బహ్రామోవే. టోటెన్‌హామ్ 2-1తో గెలిచింది. ఆ జట్టులో మార్టిన్ పీటర్స్ ఉన్నాడు. వెంబ్లీ ఫైనల్‌లో గోల్ కొట్టిన పీటర్స్. ఆరేళ్ల తర్వాత ఇంగ్లండ్ గడ్డ మీద బహ్రామోవ్ ఈలకు ఆగి, ఈలకు కదిలాడు. ఆ రాత్రి గురించి చెప్పుకోదగ్గ వివాదమేదీ లేదు. ఈల వదిలేశాక బహ్రామోవ్ అజర్‌బైజాన్ ఫుట్‌బాల్ సమాఖ్యలో ప్రధాన కార్యదర్శిగా పనిచేశారు.

గుర్తుండకపోవడం అన్న అదృష్టం

హైదరాబాద్ ఫుట్‌బాల్ అంటే సయ్యద్ అబ్దుల్ రహీమ్ గుర్తొస్తారు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో భారత్‌కు స్వర్ణం తెచ్చిన కోచ్. ఆయన మీద 2024లో మైదాన్ అనే హిందీ సినిమా కూడా వచ్చింది. ఆయన కొడుకు సయ్యద్ షాహిద్ హకీమ్ గురించి తెలిసినవాళ్లు తక్కువ. హకీమ్ 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టులో సభ్యుడు, వైమానిక దళంలో స్క్వాడ్రన్ లీడర్. తర్వాత ఫిఫా రిఫరీ అయ్యారు. 1988లో ఖతార్‌లో జరిగిన ఆసియా కప్‌కు అధికారిగా వెళ్లారు. 2021లో చనిపోయారు. ఆయన ఈల వేసిన మ్యాచ్‌ల గురించి హైదరాబాద్ కెఫేల్లో ఎవరూ వాదించుకోవడం నేను వినలేదు. రిఫరీగా అది మంచి జీవితం. బహ్రామోవ్‌కు దక్కనిది అదే.

2010 జూన్ 27న బ్లూమ్‌ఫాంటైన్‌లో వెంబ్లీ లెక్క తిరగబడింది. ఇంగ్లండ్ ఆటగాడు ఫ్రాంక్ లాంపార్డ్ కొట్టిన బంతి పైకమ్మీకి తగిలి, గీతకు చాలా లోపల పడి, బయటికొచ్చింది. టీవీ ముందున్న చిన్నపిల్లలకు కూడా కనిపించింది. ఉరుగ్వే లైన్స్‌మన్‌కు కనిపించలేదు. గోల్ ఇవ్వలేదు. అవతలి జట్టు జర్మనీయే. అప్పటికి జర్మనీ 2-1తో ముందుంది, చివరికి 4-1తో గెలిచింది. 44 ఏళ్ల బాకీ తీరిందని జర్మన్లు నవ్వుకున్నారు. ఫిఫా నవ్వలేకపోయింది. గీత దగ్గర సాంకేతిక పరిజ్ఞానానికి 2012లో అనుమతి వచ్చింది. 2014 బ్రెజిల్ వరల్డ్ కప్‌లో ఒక్కో గోల్ వైపు ఏడు కెమెరాలు పెట్టారు. బంతి గీత దాటగానే రిఫరీ చేతి గడియారానికి కబురు వస్తుంది. భాష అక్కర్లేదు, తలూపడం అక్కర్లేదు.

దీంతో గొడవలు తీరాయనుకుంటే పొరపాటు. గీత దాటడం కొలత. మిగతావన్నీ అభిప్రాయాలు. 2023 మార్చి 3న బెంగళూరులో ఐఎస్ఎల్ నాకౌట్ మ్యాచ్ అదనపు సమయంలో ఉంది. కేరళ బ్లాస్టర్స్ గోడ కట్టుకుంటుండగానే సునీల్ ఛెత్రీ ఫ్రీ కిక్‌ను గోల్‌లోకి పంపాడు. రిఫరీ గోల్ ఇచ్చారు. కోచ్ ఇవాన్ వుకోమనోవిచ్ పిలుపుతో కేరళ జట్టు మైదానం వదిలి వెళ్లిపోయింది. మ్యాచ్ బెంగళూరుకు పోయింది. కేరళకు నాలుగు కోట్ల రూపాయల జరిమానా, కోచ్‌కు పది మ్యాచ్‌ల నిషేధం పడ్డాయి. ఆ తీర్పు తేల్చడానికి ఏ గడియారమూ పనికిరాదు. ఛెత్రీ తన్నొచ్చని రిఫరీ అనుకున్నారా లేదా అన్నదే ప్రశ్న. అంటే ఒక మనిషి తల లోపలి సంగతి. 1966 నుంచి మనం పెద్దగా ముందుకు కదల్లేదు. 1966లో జర్మన్లు మాత్రం మైదానం వదల్లేదు. వాదించారు, మళ్లీ ఆడారు, ఓడారు, పతకాలు తీసుకున్నారు.

బాకూలో పేరు

బహ్రామోవ్ 1993లో బాకూలో చనిపోయారు. స్వతంత్రం వచ్చి రెండేళ్లు కాలేదు. కారబాఖ్ యుద్ధం నడుస్తోంది. అజర్‌బైజాన్ జట్టు తన సొంత జెండాతో మొదటి అధికారిక టోర్నీ మ్యాచ్ ఆడింది 1994 సెప్టెంబర్‌లో. అది చూసే అవకాశం ఆయనకు దక్కలేదు. కొత్త దేశం తనదని చెప్పుకోవడానికి పేర్ల కోసం వెతుక్కుంటున్న రోజులవి. ప్రపంచంలో ఎక్కడ ఫుట్‌బాల్ చూసినా తెలిసే మనిషి ఒకరున్నారు. కాకపోతే ఆయన్ను అందరూ వేరే జాతి పేరుతో పిలుస్తున్నారు. లెనిన్ పేరు తీసేసి ఆ స్టేడియానికి ఆయన పేరు పెట్టడంలో గౌరవంతో పాటు ఈ దిద్దుబాటు కూడా ఉందని నాకనిపిస్తుంది.

2004 అక్టోబర్‌లో ఇంగ్లండ్ జట్టు వరల్డ్ కప్ క్వాలిఫయర్ ఆడటానికి బాకూ వచ్చింది. ఆ సందర్భంగా స్టేడియం దగ్గర బహ్రామోవ్ విగ్రహం ఆవిష్కరించారు. ఫిఫా అధ్యక్షుడు సెప్ బ్లాటర్, మిషెల్ ప్లాటినీ వచ్చారు. జెఫ్ హర్స్ట్ కూడా వచ్చాడు. ఆ బంతిని తన్నినవాడు, అది గోల్ అన్నవాడి విగ్రహం ముందు నిలబడ్డాడు. మ్యాచ్‌లో ఇంగ్లండ్ 1-0తో గెలిచింది.

జర్మనీ రావడానికి ఇంకో ఐదేళ్లు పట్టింది. 2009 ఆగస్టు 12న, జర్మన్ ఖైదీలు కట్టిన ఆ స్టేడియంలో, బహ్రామోవ్ పేరు కింద, జర్మనీ జట్టు అజర్‌బైజాన్‌తో ఆడింది. అజర్‌బైజాన్ కోచ్ బెర్టీ ఫోగ్ట్స్. 1974లో పశ్చిమ జర్మనీ తరఫున వరల్డ్ కప్ గెలిచిన ఆటగాడు. జర్మనీ 2-0తో గెలిచింది. రెండు గోల్స్ గురించీ ఎవరూ లైన్స్‌మన్‌ను ఏమీ అడగలేదు.